నైరుతి మూల నీళ్ళు

నేను తయారుచేసిన ఆట నాకే అర్థం కాలేదంటే మా వీధిలో ఎవరూ ఆశ్చర్యపోరు. అనంతపురంలో నాదొక జెరాక్స్ అంగడి. పెళ్ళిపత్రికలు కూడా కంప్యూటర్‌లో నేనే కూరుస్తాను. నేను కూర్చిన పత్రిక చదివి తప్పు మంటపానికి పోయి, తప్పు పెళ్ళిలో భోంచేసి, తప్పు వధూవరులకు బట్టలు పెట్టి వచ్చినవాళ్ళతో ఒక ఊరు కట్టొచ్చు. మూఢం వస్తే పెళ్ళిళ్ళు ఉండవు. అప్పుడు అంగడిలో ఫ్యాను తప్ప కదిలే ప్రాణి ఉండదు. అట్లాంటి ఒక మూఢంలో నాకు చిన్ననాటి పిచ్చి తిరగబెట్టింది.

మా చిన్నప్పుడు బస్టాండు దగ్గర ఒక ఇరుకుగదిలో వీడియోగేమ్ పెట్టెలు ఉండేవి. బీరువా అంత పెట్టె, దాని కడుపులో టీవీ, ముందర ఒక కర్ర, రెండు బొత్తాలు. బిళ్ళ వేస్తే కుయ్యిమని లేచేది. ఆ గదిలో నేను కాల్చిచంపిన రాక్షసులను వరుసగా పడుకోబెడితే కదిరి దాకా పోతారు. ఇప్పుడు ఆ గది ఉన్న చోట చెప్పుల అంగడి ఉంది. పెట్టె లేకపోతే నేనే చేస్తానని పంతం పట్టాను.

పాత బీరువా చెక్కలు, మూలపడిన లావుపాటి మానిటరు, అటక మీది కంప్యూటరు, పాత జీపు గేరుకడ్డీ, రెండు కాలింగ్‌బెల్ స్విచ్చులు. ఇవన్నీ కలిపి బిగించేసరికి ఏనుగు కూడా పక్కకు తప్పుకునేంత పెట్టె ఒకటి అంగడి మధ్యలో లేచింది. నా భార్య దానిచుట్టూ తిరిగి చూసింది.

"ఏమయ్యో, అంగట్లో మనుషులు నిలబడేదానికే చోటు లేదు. ఈ గుడి ఎవరికి కడతాండావు?"

లోపలి ఆట కూడా నేనే రాశాను. ఇంటర్నెట్‌లో చూసి ఒక ముక్క, ఊహించి ఒక ముక్క. రాక్షసులను చంపే ఆట వద్దనుకున్నాను. మా వైపు రాక్షసుణ్ణి పట్టడం సులువు, నీళ్ళు పట్టడమే కష్టం. కాబట్టి నా ఆటలో ఒక తోట, ఒక బోరుబండి. గేరుకడ్డీతో బండిని తోటలో ఎక్కడికైనా తోలొచ్చు. ఎర్ర స్విచ్చు నొక్కితే బోరు దిగుతుంది. నీళ్ళు ఒకే ఒక్క చోట దాగి ఉంటాయి. ఆటకు మూడు బోర్లు. నీళ్ళు పడితే తెర అంతా నీలమై కప్పలు అరుస్తాయి. కప్పల గొంతు నాదే. మూడూ ఎండిపోతే దుమ్ము లేచి "ఆట అయిపోయినాది" అని అక్షరాలు వస్తాయి.

నీళ్ళు ఎక్కడ దాచాలో నేను చెప్పలేదు. ప్రతి ఆటకూ నీ ఇష్టమొచ్చిన చోట దాచుకో అని యంత్రానికే వదిలేశాను. తోట బొమ్మ మాత్రం మా అన్న చీనీతోటది, అంటే బత్తాయితోటది. నాకు బాగా తెలిసిన భూమి అదొక్కటే. పడమర గుట్ట, తూర్పున మోటారు షెడ్డు, మధ్యలో చీనీచెట్ల వరసలు. పచ్చటి చుక్కలు పెట్టాను.

ఆ తోట బుక్కరాయసముద్రం దాటి మెట్టమీద ఉంటుంది. గట్టెక్కితే చెరువు దర్జాగా కనిపిస్తుంది. దాని నీళ్ళు మాత్రం తోట దాకా ఎక్కవు. అన్న బోర్లు వేసి వేసి ఆ నేలను జల్లెడ చేశాడు. అన్నీ ఈశాన్యం వైపే. అరచేతిలో టెంకాయ పెట్టుకొని నీళ్ళ జాడ చెప్పే మనిషి ప్రతిసారీ ఈశాన్యంలోనే టెంకాయ నిలబెట్టేవాడు. వాస్తు ప్రకారం నీళ్ళుండాల్సింది అక్కడే మరి. ఒక్క బోరు మాత్రం సన్నగా పోస్తోంది. చెట్లు ఆకు ముడుస్తున్నాయి. అన్నకు చీనీచెట్టంటే కన్నబిడ్డ. ఒకసారి పళ్ళు తోముకుందామని చిన్న రెమ్మ విరిచినందుకు, మీసాలొచ్చిన నన్ను తోట బయటిదాకా తరిమాడు.

ఎండలు ముదిరాక, నీళ్ళు అందక మోటారు కాలడం మొదలైంది. కాలినప్పుడల్లా అన్న దాన్ని ఆటోలో వేసుకొని టౌనుకు తెస్తాడు. కాలిన తీగ మార్చే వైండింగ్ అయ్యేదాకా నా అంగట్లో కూర్చుంటాడు. అట్లా మొదటిసారి పెట్టెను చూశాడు.

"ఇదేమిరా, శవపెట్టెకు కిటికీ పెట్టినావు?"

"ఆట అన్నా. అది నీ తోటే. నీళ్ళు పట్టు చూద్దాం."

అప్పుడే స్విచ్చు వేసిన పెట్టె. అన్న గేరుకడ్డీని ట్రాక్టరు గేరు లాగా కుమ్మాడు. ఈశాన్యంలో ఒక బోరు, దుమ్ము. ఈశాన్యంలోనే ఇంకొకటి, దుమ్ము. విసుగొచ్చి బండిని తోటకు ఆ కొస దాకా తోలి, నైరుతి మూల గుట్ట కింద మూడోది దింపాడు. తెర నీలమైంది. నా కప్పలు బెకబెకమన్నాయి. అన్న కుర్చీలో వెనక్కి వాలిపోయాడు.

"ఈడ పడిందేమిరా?"

"ఏదో ఒక చోట పడాల కదన్నా."

వారం తిరక్కుండా మోటారు మళ్ళీ కాలింది. అన్న వచ్చాడు, నేను పెట్టె స్విచ్చు వేశాను. ఈసారి బండిని నేరుగా నైరుతికే తోలాడు. నీళ్ళు. కప్పలు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. మూడోసారి మోటారు కాలినప్పుడు కూడా అంతే. ఆయన పోయాక పెట్టెను ఆపి, వేసి, ఆపి, వేసి చూశాను. ఎన్నిసార్లు వేసినా మొదటి ఆటలో నీళ్ళు నైరుతిలోనే. రాసింది నేను. నైరుతి అనే మాట నేను ఎక్కడా రాయలేదు. రాసిందంతా మొదటినుంచి చదివాను. నా పెళ్ళిపత్రికలు చదివేవాళ్ళ బాధ ఏమిటో ఆ రోజు తెలిసింది. సాయంత్రానికి నా భార్య పెట్టెముందు ఊదుబత్తి గుచ్చింది.

"ఎందుకైనా మంచిది," అంది.

అన్నకు అనుమానాలేమీ లేవు. "మనిషైతే ఈశాన్యం అంటాడు. నైరుతిలో గుంత తవ్వమని ఏ మనిషీ చెప్పడు. కాబట్టి ఇది మనిషి చెప్పే మాట కాదు," అన్నాడు.

"అన్నా, రెండో ఆట ఆడు. అప్పుడు వేరే చోట పడ్తాది."

"మొదటి మాటే మాట. సోది చెప్పేవాళ్ళనైనా రెండోసారి అడిగితే విసుక్కుంటారు. యాడో ఒక చోట చెప్తారు."

ఆయన తమిళనాడు బోరుబండి వాళ్ళకు ఫోను కూడా చేసేశాడు.

మరుసటి రోజే వదిన అంగడికి వచ్చింది. వెనకాల అన్న. వదిన సన్నగా ఉంటుంది. ఆమె గొంతు మాత్రం గుట్టకు తగిలి తిరిగొచ్చేంత ఉంటుంది.

"ఏమప్పా మరిదీ, నా తోటలో నీళ్ళు యాడుండాయో నీ డబ్బాకు తెలుసంట?"

"నాకేం తెలీదు వదినా. దానికీ తెలీదు."

"మీ అన్నకు మాత్రం తెలుసు. ఇంకొక బోరు ఏస్తానంటాండాడు. ఇది కూడా ఎండిపోతే చెట్లు ఉండవు, చెట్లకు నీళ్ళు తోలుకొచ్చేదానికి చేతిలో ఏమీ ఉండదు. ఎయ్యి స్విచ్చు."

వేశాను. ఆమె గేరుకడ్డీని పాలచెంబు పట్టుకున్నట్టు పట్టుకుంది. నైరుతి వైపు కన్నెత్తి చూడలేదు. బండిని మోటారు షెడ్డు పక్కకు తోలి, ఇప్పుడు నీళ్ళు పోస్తున్న బోరు ఉన్న చోటే స్విచ్చు నొక్కింది. బోరు అడుగుదాకా దిగింది. దుమ్ము లేచింది.

"చూసినావా?" అంది అన్నతో. "పొద్దున ఈడే బిందె నింపుకొని వచ్చినా. నీ దేవుడు ఈడ నీళ్ళు లేవంటాండాడు. కండ్ల ముందర ఉండే నీళ్ళే కనపళ్ళేదు, గుట్ట కింద ఉండేటివి కనపడినాయా?"

నా ప్రాణం లేచొచ్చింది. ఇంత చక్కని పరీక్ష నాకెందుకు తట్టలేదో తెలియలేదు. అన్న తెరకేసి చూస్తూ నిలబడ్డాడు. తరవాత గొంతు తగ్గించి అన్నాడు:

"అంటే ఆ బోరు కూడా ఎండిపోతాదని చెప్తాండాది."

వదిన నావైపు చూసింది. నేను ఫ్యానువైపు చూశాను.

నాలుగు రోజులకు ఆ బోరు నీళ్ళు ఆగి ఆగి పోస్తూ దగ్గడం మొదలుపెట్టింది. ఆ ఎండల్లో మా జిల్లాలో దగ్గని బోరు లేదు. నాకు తెలుసు, వదినకు తెలుసు. అయినా ఫోనులో ఆ సంగతి చెప్పినప్పుడు మొదటిసారి ఆమె గొంతు నాకు సరిగ్గా వినపడలేదు. బోరుబండి పొద్దున్నే వస్తోందని కూడా చెప్పింది.

ఆ భయంలో మళ్ళీ నా రాతముందు కూర్చున్నాను, అప్పుడు తప్పు దొరికింది. యంత్రాన్ని ఏదో ఒక చోటు చూసుకోమంటే అది నిజంగా వెతుక్కోదు. దాని లోపల పేకకట్ట లాంటిది ఒకటి ఉంటుంది. పైనుంచి ఒక్కో ముక్క తీస్తుంది. ఆట మొదలయ్యేముందు కట్టను కలపమని ఒక వాక్యం రాయాలి. నేను రాయలేదు. కాబట్టి స్విచ్చు వేసినప్పుడల్లా అదే కట్ట, అదే మొదటి ముక్క. స్కూటరు తీసుకొని, విమానం కూడా సిగ్గుపడే వేగంతో తోటకు పోయాను. అన్న షెడ్డు ముందర కూర్చున్నాడు. వదిన చేట పట్టుకొని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. పేకాటలో ఆరితేరినవాడు గనక అన్నకు పేకలోనే చెప్పాను. కలపకుండా పంచితే ప్రతిసారీ మొదటి ముక్క అదే వస్తుందన్నాను.

"నిజమే," అన్నాడు. ఎంత సులభంగా ఒప్పుకున్నాడో చూసి నాకే అనుమానమొచ్చింది. "కలపకపోతే అదే ముక్క వస్తాది. సరే. ఆ ముక్కను పైన పెట్టిందెవరు?"

నేను ఉత్తచేతులతో గాలిలో పేక కలిపి చూపించాను.

"నువ్వు పెట్టినావా?"

"లేదన్నా."

"డబ్బాలో కంప్యూటరు చేసినోళ్ళకు నా తోట తెలుసునా?"

"తెలీదు."

"మళ్ళ?"

ఇప్పటికీ నేను ఆ "మళ్ళ?" దగ్గరే ఉన్నాను. ఎవరో ఎక్కడో కూర్చిన అంకెల వరసలో మొదటిది మా అన్న తోట నైరుతి మూలకు ఎందుకు సరిపోయిందంటే, ఎక్కడో ఒక చోటికి సరిపోవాలి గనక. ఈ మాట నా తలలో చక్కగా ఉంటుంది. నోట్లోకొచ్చేసరికి అన్న మాటకంటే పిచ్చిగా వినిపిస్తుంది.

వదిన చేట కింద పెట్టింది. "నీకు తెలీదు, మీ అన్నకు తెలీదు, ఆ డబ్బాకు తెలీదు. ముగ్గురూ కలిసి నా చెట్లకు గతి చెప్తాండారు," అని లేచి, పార తీసుకొని చెట్లలోకి పోయింది. అన్నం పెట్టకుండా పోయిందని మేమిద్దరం బాధపడ్డాం. అంతకుమించి ఆలోచించలేదు.

నేను ఆ రోజు అక్కడే ఉండిపోయాను. పొద్దున బోరుబండి వచ్చింది. దాని చక్రాల కింద దారి మూలిగింది. అన్న ముందు నడిచి దారి చూపించాడు. వెనక నేను, నా వెనక వదిన. నైరుతి మూలకు పోయేసరికి అన్న ఆగిపోయాడు. సరిగ్గా ఆయన సున్నంతో గుర్తు పెట్టుకున్న చోట ఒక చీనీమొక్క నిలబడి ఉంది. లేతది, మోకాలెత్తు. చుట్టూ ముళ్ళకంప, పాదులో తడి.

"ఎవరు నాటినారు దీన్ని?"

"నేనే," అంది వదిన. "చోటు బాగుండాది కదా అని."

బోరుబండి డ్రైవరు తల బయటపెట్టి, వచ్చీరాని తెలుగులో, నాలుగడుగులు పక్కన వేస్తానన్నాడు.

"పక్కన ఎట్ల ఏస్తావప్పా? నీళ్ళుండేది ఈడ," అన్నాడు అన్న.

"అవును, ఈడే కదా చెప్పింది. పక్కన చెప్పలేదు కదా?" అంది వదిన. ఆ మాట ఎంత అమాయకంగా అందంటే నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఆపుకోవడానికి గుట్టవైపు తిరిగాను.

"పెరికెయ్యి అయితే," అంది ఆమె. "చేత్తో వస్తాది. నిన్ననే నాటినా."

అన్న వంగాడు. కంప పక్కకు జరిపాడు. మొక్క మొదలు పట్టుకున్నాడు. డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు. చివరికి అన్న చేసిన పని, ఒరిగి ఉన్న మొక్కను నిలబెట్టి, మొదట్లో మట్టి కాలితో ఒత్తి, కంప మళ్ళీ సర్దడం.

"ఇంత లోతులోనా నాటేది? నీకు మొక్క నాటేది ఎప్పుడొస్తాదో," అని వదినను తిట్టాడు. బోరుబండి కణేకల్ వైపు ఇంకెవరికో బోరు వేయడానికి పోయింది.

బోరుకు పెట్టాల్సిన డబ్బు ట్యాంకరు నీళ్ళకు పెట్టారు. సగం తోట నిలబడింది. మిగతా సగం పొయ్యిల్లోకి పోయింది. ఆ చెట్లు కొట్టిన రోజు అన్న ఇంట్లోంచి బయటికి రాలేదు.

నైరుతి మూల మొక్క మాత్రం తోటలో దేనికీ లేనంత ఏపుగా లేచింది. కింద నీళ్ళుండబట్టే అంటాడు అన్న. రోజూ తను రెండు బిందెలు ఎక్కువ పోయబట్టే అంటుంది వదిన. ఇద్దరూ నన్ను తీర్పు చెప్పమంటారు. నేను ఆకులు పట్టి చూస్తాను, మన్ను వాసన చూస్తాను, తలాడిస్తాను. ఏ వైపుకు ఆడించానో వాళ్ళకూ తెలియదు, నాకూ తెలియదు.

మొన్న మోటారు మళ్ళీ కాలింది. అన్న వచ్చి పెట్టె ముందు కూర్చున్నాడు. కట్ట కలిపే వాక్యం నేనింకా రాయలేదు. రాద్దామనుకున్నప్పుడల్లా వేలు ఆగిపోతుంది. ఎందుకో అడగొద్దు. స్విచ్చు వేశాను. అన్న బండిని తోలుకుంటూ నైరుతి దాకా పోయి, మూలలో ఆపి, వెనక్కి తిప్పాడు. ఈశాన్యంలో బోరు వేశాడు. దుమ్ము. షెడ్డు దగ్గర వేశాడు. దుమ్ము. మూడోది ఎక్కడో మధ్యలో వేశాడు. "ఆట అయిపోయినాది" అని అక్షరాలు వచ్చాయి.

"నైరుతిలో ఎయ్యకపోతివే అన్నా? నీకు తెలుసు కదా ఆడుండాదని."

నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

"ఆడ చెట్టుండాది కదరా. నువ్వు బొమ్మలో ఇంకా పెట్టనే లేదు, ముందు అది పెట్టు."

అప్పటికప్పుడు నైరుతి మూల ఒక పచ్చటి చుక్క పెట్టాను. అన్న ముందుకు వంగి చూసి, ఇంకొంచెం పెద్దది చేయమన్నాడు. చేశాను. మళ్ళీ ఆడాడు, మళ్ళీ ఓడిపోయాడు. వైండింగ్ అంగడి నుంచి పిలుపు వచ్చేదాకా లేవలేదు.