రెక్కలు పోనిచ్చిన మనిషి

మా ముత్తాతగారు మూడు గ్రామాల జమీందారు. తాతగారు మేడ మీద నిలబడితే వీధిలోవాళ్ళు సైకిళ్ళు దిగి నడిచేవారు. ఆ ఇంటి వారసుణ్ణైన నా భుజం మీద చెయ్యి వేసిన పరాయి మనిషి, నాకు విమానం నడపడం నేర్పిన గురువుగారు ఒక్కరే. ఎక్కిన ప్రతిసారీ నా బెల్టు లాగి చూసి, "ఇంకొంచెం బిగించండి, బాబుగారూ" అనేవారు. నాకు చిరాకేసేది.

ఒకరోజు కడియం తోటల మీద ఇంజిన్ ఆగిపోయింది. ఆయన విమానాన్ని మొక్కల మళ్ళలోకి దించుతూ, రెండు కొబ్బరిచెట్ల మధ్యకు పోనిచ్చారు.

"రెక్కలు తగుల్తాయండీ!" అని అరిచాను.

"తగలనివ్వండి. దెబ్బ అవి తింటే మనం కూర్చున్న చోటు మిగులుద్ది."

రెక్కలు రెండూ విరిగి చెట్ల దగ్గరే ఉండిపోయాయి. మేము క్రోటన్ మొక్కల్లోకి జారి ఆగాం. నా భుజాన బెల్టు వాత తప్ప మరో గాయం లేదు. ఆయన ఆ బెల్టు మీద చెయ్యి వేసి, "ఇప్పుడు వదులు చేసుకోండి, బాబుగారూ" అన్నారు.

ఆ చేతికి ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

అప్పులు పీకల దాకా వచ్చినా అమ్మేది లేదని అన్నాళ్ళూ నేను పట్టుబట్టిన తాతగారి మేడను ఆ వేసవిలోనే అమ్మేశాం.