పెద్దమ్మ వంచిన గోడ

పోయిన వారం మా రాతి ఇంటికి మరమ్మతులు చేయిద్దామని మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్న, గురజాల నుంచి ఒక ఇంజనీరమ్మాయిని తీసుకొచ్చాడు. ఆ పిల్ల చేతిలోని యంత్రంతో గోడల మీద ఎర్రచుక్క వేసి కొలుస్తూ మా వంటింటి దగ్గర ఆగిపోయింది. "ఆంటీ, ఈ అడ్డుగోడ తిన్నగా వచ్చి ఇక్కడ మూడడుగులు పక్కకు తిరిగిందేంటి? మేస్త్రి పొరపాటా?" అంది. నాకు నవ్వొచ్చింది.

మా తాత పొలంలో కట్టించిన ఇల్లది. రెండడుగుల మందం రాతిగోడలు, పైన నాపరాళ్ల కప్పు. ఎండాకాలం మధ్యాహ్నం కల్లంలో మిరపకాయల ఘాటుకు కళ్లు మండుతుంటే, లోపలికొచ్చి నేలబండకు చెంప ఆనించి పడుకునేవాళ్లం. దొంగల భయమో ఏమో, వెనక గోడ మొత్తానికి తాత పెట్టించింది రెండే కిటికీలు. ఒక్క కుటుంబానికి అవి సరిపోయాయి. తాత పోయాక ఇల్లు మూడు వాటాలైంది. మా నాన్న అంతకుముందే పోయాడు కనుక నడిమి వాటా అమ్మకొచ్చింది. తాడు పట్టి సమానంగా కొలిస్తే కిటికీలు చెరొకవైపు, పెద్దనాన్నకొకటి, బాబాయికొకటి పోయాయి. మాకు చీకటి మిగిలింది. కొత్త కిటికీ కోసం గోడ పగలగొడితే కప్పు దిగుతుందన్నాడు మేస్త్రి.

మర్నాడు పొద్దున అడ్డుగోడకు పునాది తీయబోతుంటే, పెద్దమ్మ చేటలో మిరపకాయలు పోసుకొచ్చి సరిగ్గా ఆ తాడు మీద కూర్చుంది. తీరిగ్గా తొడిమలు తుంచడం మొదలుపెట్టింది.

"ఏమే, లెగు. పని ఆగిపోతంది," అన్నాడు పెద్దనాన్న.

"మన కిటికీ దానికి రావాల. తాడు ఇటు జరిపితే లెగుస్తా."

"మన గది ఇరుకైపోద్ది. మంచం ఏడ పడుద్ది?"

"మంచం కోయించు. పడుకోటానికి ఎలుతురెందుకు? ఎలుతురు లేకుండా అది పిల్లల్ని పెట్టుకుని ఎట్టా వండుకుంటది?"

మంచం నిజంగానే కోయించారు. ఆరడుగుల మనిషి పెద్దనాన్న, అప్పట్నుంచీ పాదాలు గాల్లో పెట్టుకునే నిద్రపోయాడు. "మా ఇంటిదాని ధర్మం నా కాళ్లకొచ్చింది," అని వచ్చిన చుట్టాలందరికీ చెప్పుకునేవాడు. గోడ మళ్లీ జరపమని మాత్రం ఏనాడూ అనలేదు.

ఆ కిటికీ పక్కనే అమ్మ కుట్టుమిషన్ వేసుకుంది. ఊరందరి జాకెట్లూ కుట్టి మమ్మల్ని చదివించింది. నేను టీచర్నయ్యాను. ఒకసారి అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుని "అక్కా, నువ్వు గనక..." అని మొదలుపెడితే, పెద్దమ్మ విసుక్కుంది. "ఏందే ఆ ఏడుపు? నాలుగు మెతుకులు పెట్టు, ఆకలేస్తంది."

ఇప్పుడు ఇనుప దూలం వేసి, మా వాటాకు వేరే కిటికీ పెట్టి, గోడ తిన్నగా కట్టేయొచ్చంది ఇంజనీరమ్మాయి. నేను అన్న వైపు చూశాను. జాగా వాళ్లది, అడిగే హక్కూ వాళ్లదే. అన్న ఆ మలుపు దగ్గరికెళ్లి గోడకు చెయ్యి ఆనించాడు.

"వద్దమ్మా. మా అమ్మ కూర్చున్న చోటది. అట్టనే ఉండనీ," అన్నాడు.

ఆ గోడ కట్టేనాటికి నాకు పదేళ్లు. పెద్దవాళ్లు చేసిందంతా వాళ్లు చేయాల్సిందేనని అనుకునే వయసు. అందులో ఎంత చేయనక్కర్లేనిదో తెలుసుకునేసరికి నాకూ అప్పటి పెద్దమ్మ అంత వయసొచ్చింది.