పొలమారిన పూట

ఒక అబద్ధాన్ని ఏళ్లుగా మోస్తున్నాను. నిజానికి అబద్ధం ఆడింది కూడా లేదు. నోరు మూసుకున్నాను, అంతే. ఆ 'అంతే' చూస్తేనే నా మీద నాకు మండుతోంది. నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

మా తమ్ముడు బందరులో ఆటోలో ఐసు పెట్టెలు వేసుకుని ఊరూరా చేపలు అమ్మేవాడు. వాడికి కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడే జబ్బు వచ్చింది. మొదట చేతులు, తర్వాత కాళ్లు, ఆ తర్వాత గొంతు. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. దిండ్లు ఎత్తుగా పెట్టి, ముక్కుకు మాస్కు తగిలించి, మిషను పెడితేనే నిద్ర. మాట ముద్దగా వచ్చేది. మా మరదలికి తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు.

ఆమెది దివిసీమ. డాక్టరు చెప్పినట్టే వాణ్ణి నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కిందికి దించి, చిక్కటి జావ చెంచాతో కొంచెం కొంచెంగా మింగించేది. "నీళ్లలాంటివి ఊపిరితిత్తుల్లోకి పోతాయంట వదినా. పొలమారితే ఆయన దగ్గలేరు" అని నాకూ చెప్పింది. గుడివాడ నుంచి చూడడానికి వెళ్లే నాకు ఆ జావ కంటగింపుగా ఉండేది. సముద్రపు చేప తిని పెరిగిన మనిషికి పసిపిల్లల తిండా? వండడానికి ఒళ్లు వంగక ఇలా చేస్తోందని చుట్టాలందరి ముందూ అన్నాను.

ఆ రోజు ఆమె మందుల షాపుకి వెళ్లింది. నేను వాడికి ఇష్టమని చందువ చేప పులుసు కాచాను. అన్నంలో పల్చగా పోసి, కలిపి, ముద్దలు పెట్టాను. మొదటి ముద్దకి వాడు ఆశగానే నోరు తెరిచాడు. తర్వాత వద్దన్నట్టు చూశాడేమో. చూశాడా? చూశాడు. నేను గమనించనట్టు ఇంకో ముద్ద పెట్టాను. పొలమారింది. దగ్గడానికి వాడికి బలం లేదు. ముఖం నల్లబడుతుంటే నేనేం చేశానో తెలుసా? నెత్తి మీద తట్టి నవ్వాను.

"ఎవరో తలుచుకుంటన్నార్రా నిన్ను" అన్నాను.

మనందరం అనే మాటే. ఇప్పుడు ఎవరింట్లో ఆ మాట వినబడినా ఒళ్లు మండిపోతుంది. ఊపిరితిత్తుల్లోకి పులుసు జారుతుంటే ఎవరో తలుచుకోవడమట. మింగడం కూడా ఒక పనేనని, ఆ పని చేసే కండరాలూ చచ్చుబడతాయని మనకెవరు చెబుతారు? చెప్పారు. మరదలు చెంచా చేతిలో పట్టుకుని మరీ చెప్పింది. నేనే వినలేదు.

కాసేపటికి వాడు కొంచెం తేరుకున్నాడు. మూతి తుడిచాను. ఆమె తిరిగొచ్చేలోపు గిన్నె కడిగేశాను.

మర్నాటికి జ్వరం, ఆయాసం. ఆస్పత్రిలో డాక్టరు అడిగారు. "పల్చటిది ఎవరు పెట్టారమ్మా?"

చుట్టాలంతా మరదలి వైపు చూశారు. నేనూ అటే చూశాను. మంచం మీద వాడు మాస్కులోంచి ఏదో అన్నాడు. ఏమంటున్నాడని డాక్టరు ఆమెనే అడిగారు.

ఆమె నా వైపు చూడలేదు. "దాహం అంటన్నారండీ" అంది.

అది దాహం కాదు. ఆ ఒక్కసారి వాడి మాట నాకూ అర్థమైంది. 'అక్క' అన్నాడు. నన్ను పట్టించాడో, పిలిచాడో మాత్రం తెలియదు.

వాడు మళ్లీ లేవలేదు. మొగుణ్ణి సరిగ్గా చూసుకోక చంపుకుందని అందరూ అంటుంటే, ఆమె దివిసీమలో పుట్టింటికి వెళ్లిపోయింది. ఆ మాట అన్నవాళ్లలో నేను లేను. కాదన్నవాళ్లలోనూ లేను. తమ్ముడి కోసం అల్లాడిపోయిన అక్కనని నన్ను పొగుడుతుంటే సిగ్గులేకుండా విన్నాను. పైగా ఇన్నాళ్లూ ఆమె మీదే కోపం. ఎందుకు చెప్పలేదు? ఆ మంచితనం ఎవరడిగారు? తప్పు నాదయ్యాక, ఆమె మీద కోపం ఎంత తేలిగ్గా దొరికిందో చూడండి.

క్షమించమని ఆమెను అడగను. ఆ బరువు కూడా ఆమె నెత్తినే ఎందుకు వేయాలి? వాళ్ల వాకిట్లో నిలబడి, ఆమెను అన్న చుట్టాలందరి ముందూ చెప్పాలి. ఆ ధైర్యం ఇంకా రాలేదు. ముందు ఆ డాక్టరు అడిగినదానికైనా జవాబు చెప్పనివ్వండి.

నేనండీ. పల్చటి పులుసు పెట్టింది నేను.