మొదటి లైనులో ఆ మాట

దెయ్యాల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే నేను లేచి వెళ్లిపోయే రకం. భయపడి కాదు, విసుగు పుట్టి. డిగ్రీలో లెక్కలు చదివాను. పుట్టింది వ్యవసాయం చేసుకునే ఇంట్లో. మోటారు ఆగిపోతే వైరు ఊడిందేమో అని చూస్తాం తప్ప గాలి సోకిందని అనుకోం. ఇప్పుడు రాస్తున్నది నమ్మమని ఎవరినీ బతిమాలను. జరిగింది జరిగినట్టు రాస్తాను, అంతే.

పెద్ద నోట్లు రద్దయిన మరుసటి ఏడాది సంగతి. ఆమదాలవలసలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ ఆఫీసులో టైపిస్టుగా చేస్తున్నాను. తొమ్మిదేళ్లుగా హాల్‌టికెట్లు, టీసీలు, స్టడీ సర్టిఫికెట్లు కొట్టి కొట్టి వేళ్లు అరిగిపోయాయి. ఆ ఏడాది కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ పెట్టారు. దాన్ని చూసుకుంటూ పిల్లలకు ప్రోగ్రామింగ్ మొదటి పాఠాలు చెప్పే మనిషి కావాలన్నారు. నాకివ్వండని ప్రిన్సిపాల్ గారిని అడిగాను.

ఆయన కాగితాల మీంచి తల ఎత్తకుండానే, "నువ్వు టైపు సేసే అమ్మాయివి కదమ్మా" అన్నారు.

ఆ అమ్మాయికి అప్పటికి ముప్పై మూడేళ్లు. నాలుగు రోజులు వెంటపడితే ఒక మాటిచ్చారు. ఒక పెద్ద విద్యాసంస్థ వాళ్లు ఇంటర్నెట్‌లో చెప్పే సి లాంగ్వేజ్ కోర్సు పూర్తి చేసి సర్టిఫికెట్ తెస్తే ల్యాబ్ నాది. తేలేకపోతే విశాఖపట్నం నుంచి ఎవరినో పిలిపిస్తారు.

ఆ కోర్సు పెట్టిన తిప్పలు చెప్పనలవి కాదు. పాఠం చెప్పే మాస్టారి ఇంగ్లీషు రైలు వేగంతో పోయేది. వీడియో మాత్రం నత్త నడకన వచ్చేది. ఆయన నోరు తెరిచే సమయానికి బొమ్మ ఆగిపోయి, చక్రం తిరుగుతూ కూర్చునేది. ఒక చోట సెమికోలన్ మరిచిపోతే కంప్యూటరు పద్దెనిమిది తప్పులు చూపించేది. ఏడుపొచ్చేది. అయినా పట్టు వదల్లేదు. మధ్యాహ్నం భోజనం వేళంతా ల్యాబ్‌లోనే గడిపి, ఒక్కో అసైన్‌మెంటూ పూర్తి చేసుకుంటూ వచ్చాను.

చివరికి ఒక్కటే మిగిలింది. లూపుల పాఠానిది. అది పాసైతేనే సర్టిఫికెట్. చూడ్డానికి మహా సులువు. ఒక సంఖ్య ఇస్తే, ఒకటి నుంచి ఆ సంఖ్య దాకా వరుసగా లెక్కపెట్టాలి, లైనుకో అంకె చొప్పున. అడుగున మొత్తం కూడి చూపించాలి. మనం రాసిన ప్రోగ్రామ్ పంపితే వాళ్ల కంప్యూటరే దిద్ది, ఒప్పో తప్పో చెప్తుంది. పది సార్లు పంపుకోవచ్చు. శనివారం సాయంత్రం ఐదింటికి గడువు.

సోమవారం మొదటిసారి పంపాను. తప్పు. ఎందుకు తప్పో చెప్పదు, ఎర్ర గుర్తు పెట్టి ఊరుకుంటుంది. నా కంప్యూటర్లో నడిపితే చక్కగా ఒకటి, రెండు, మూడు అని వస్తోంది. ఖాళీలు సరిచేసి రెండోసారి పంపాను. తప్పు. మూడు, నాలుగు కూడా అంతే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టుంది నా పరిస్థితి.

కోర్సు తరఫున సందేహాలు తీర్చే ఒకావిడ ఉండేది. ఉత్తరాది మనిషి, మొహం ఎప్పుడూ చూడలేదు. ఆవిడకు మెయిల్ రాశాను. మంగళవారం జవాబు వచ్చింది. మీ ప్రోగ్రామ్ బాగానే ఉంది, కాని మొదటి లైనులో 1 బదులు labham అనే మాట వస్తోంది, అది తీసేసి పంపండి అని.

నేనెక్కడ పెట్టాను ఆ మాట? ప్రోగ్రామ్ మొత్తం ఇరవై లైన్లు లేదు. కళ్లు చించుకుని చూశాను. లేదు. వెతికే బటన్ నొక్కి చూశాను. లేదు. మొత్తం చెరిపేసి, మొదటి నుంచి కొట్టి ఐదోసారి పంపాను. తప్పు. వైరస్ ఏమోనని వేరే కంప్యూటర్ నుంచి ఆరోసారి పంపాను. తప్పు. అరికాలి మంట నెత్తికెక్కింది. కీబోర్డుని బల్లకేసి కొట్టబోయి, దాని ఖరీదు నా జీతంలోంచే కోస్తారని ఆగాను.

మా కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ప్రసాద్ గారికి సి లాంగ్వేజ్ వచ్చు. బుధవారం ఆయన్ని పిలిచాను. నా ప్రోగ్రామ్ చదివి, ఇందులో తప్పేమీ లేదన్నారు. తన సొంత లాప్‌టాప్‌లో, తన చేత్తో, తన పద్ధతిలో కొత్తగా రాసి, నా లాగిన్‌తో పంపారు. అది ఏడోది. నేను కీబోర్డు ముట్టుకోనేలేదు. గంట తర్వాత ఆ ఉత్తరాది ఆవిడ నుంచి కాస్త చిరాగ్గా ఇంకో మెయిల్. మళ్లీ labham వచ్చింది, దయచేసి ఆటలాడకండి అని.

ప్రసాద్ గారు నా వంక అదోలా చూసి, "సర్వరు గోలండీ ఇది, మన సేతుల్లో లేదు" అన్నారు.

గురువారం లెక్కను సున్నా నుంచి మొదలుపెట్టి, చూపించేటప్పుడు ఒకటి కలిపేలా మార్చి పంపాను. ఎనిమిది. శుక్రవారం పొద్దున్న ఒళ్లు మండి, ఏమీ మార్చకుండా అదే ఫైలు మళ్లీ పంపాను. తొమ్మిది. రెండూ తప్పే. ఇక ఒక్కటే మిగిలింది. విశాఖపట్నం మనిషికి ఫోన్ చేయమని ప్రిన్సిపాల్ గారు క్లర్కుతో అనడం నా చెవులతో విన్నాను.

ఆ మధ్యాహ్నం ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసింది. రోజూ భోజనాల వేళ చేస్తుంది.

"ఏటే, గొంతు అలాగున్నాది?"

కక్కేశాను మొత్తం. ప్రోగ్రామ్ అంటే ఏమిటో ఆమెకు తెలియదు. లెక్కపెట్టడం అని మాత్రం అర్థమైంది.

"ఓలమ్మ! నువ్వు ఒకటి అని ఎత్తుకున్నావేటే? కల్లంలో ఎవులైనా ఒకటి అని కొలత ఎత్తుకుంటే మీ తాత ఊరుకునీవోడేటి? కొలిసిందంతా మల్లీ రాశిలో పోయించీసీవోడు."

అప్పుడు గుర్తొచ్చింది. ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు. లాభం అంటారు. లాభం, రెండు, మూడు. మా నాన్న తండ్రి ఈ విషయంలో మరీ పట్టుదల మనిషి. పొరపాటున ఎవరైనా ఒకటి అన్నారా, కుంచం బోర్లించి మళ్లీ మొదలు. కూలీలు గొణుక్కునేవాళ్లు. ఇరవై కుంచాలకో గడ్డిపరక పక్కన పెట్టడం చిన్నప్పుడు నా పని. మా అన్నయ్యలు ఇద్దరున్నా ఆ పని నాకే ఇచ్చేవాడు. ఆయన పోయేనాటికి నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నాను. కంప్యూటర్ అనేదాన్ని ఆయన కంటితో చూడలేదు.

"అమ్మా, అది దిద్దే మిషను ఎక్కడో ఢిల్లీలో ఉంటుందే."

"ఎక్కడున్నాదైతే నాకేటి! ఓపాలి నోటితో లాభం అని సెప్పి పంపు. నీ సొమ్మేటి పోతాది?"

కోపంగా ఫోన్ పెట్టేశాను. ఉద్యోగం చేజారిపోతుంటే ఈమెకు కల్లాలు, కుంచాలు!

శనివారం పదకొండింటికి ల్యాబ్‌లో కూర్చున్నాను. పక్కన ప్రసాద్ గారు. ఆయన ముందు ఆ మాట అనాలంటే సిగ్గేసింది. లెక్కలు చదివిన మనిషిని. కాని ఇంకేం మిగిలింది నా దగ్గర? తొమ్మిదోసారి పంపిన ఫైలునే, ఒక్క అక్షరం కూడా కదపకుండా ఎక్కించాను. బటన్ మీద వేలు పెట్టి, "లాభం" అన్నాను. గట్టిగానే అన్నాను. నొక్కాను.

అన్నీ పచ్చ గుర్తులే వచ్చాయి.

ప్రసాద్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. నాకు సంతోషం రాలేదు. తర్వాత ఉత్తరాది ఆవిడకు మెయిల్ రాసి అడిగాను. ఆవిడ పరీక్షించి చెప్పింది. తొమ్మిదో ఫైలూ పదో ఫైలూ ఒక్కటే, ఎక్కడా తేడా లేదు, సర్వర్లో మేమూ ఏమీ మార్చలేదు అని. సర్వర్ తప్పే అనుకుందాం. తప్పు చేసే సర్వర్‌కి లక్ష మాటలుంటే, మా కల్లంలో మాటే ఎలా దొరికింది? పద్ధతి ప్రకారం ఆలోచించే వాళ్లెవరైనా నాకు జవాబు చెప్తే వింటాను.

సర్టిఫికెట్ వచ్చింది. ల్యాబ్ నాకే ఇచ్చారు. తొమ్మిది సార్లు ఎర్ర గుర్తు పెట్టి నన్ను ఏడిపించింది తాతే అయితే, ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. ఉద్యోగం పోయుంటే ఎవరు దిక్కు? ఒకటి అంటే ఏం మునిగింది?

ఆ కోర్సు వాళ్లు పాత అసైన్‌మెంట్లన్నీ ప్రాక్టీసు కోసం తెరిచే ఉంచారు. ఎన్నిసార్లయినా పంపుకోవచ్చు, ఇప్పుడు మొదటి లైనులో ఏమొచ్చిందో మనకే చూపిస్తుంది. నోరు మెదపకుండా అదే ఫైలు ఒక్కసారి పంపితే సంగతి తేలిపోతుంది. ఐదు నిమిషాల పని. ఊహించకండి, నడిపి చూడండి అని పిల్లలకు రోజూ చెప్పేది నేనే.

రెండుసార్లు ఫైలు ఎక్కించి కూడా నొక్కలేకపోయాను. ఆ మాట వస్తుందని కాదు నా భయం. మామూలుగా 1 అని వస్తే ఎలా అని.