అవ్వ ఏ జీపులో ఉంది?

మా అవ్వతో సహా చుట్టాలందరం హిందూపురం నుంచి రెండు జీపుల్లో విహారానికి బయలుదేరాం. తక్కువ ఖర్చులో ఎవరికిష్టమైంది వాళ్లకు చూపించాలని ఏర్పాట్లన్నీ నేనే చేశాను. పెనుకొండ హోటల్లో టిఫిన్ అయ్యాక గుడికి పోయేవాళ్లు కదిరికి, చీరలు చూసేవాళ్లు ధర్మవరానికి విడిపోయారు.

సాయంత్రం ధర్మవరంలో అందరం కలిశాం. రెండు జీపుల్లోనూ అవ్వ లేదు. మీతో ఉందనుకున్నామని ఇరువైపులా ఒకటే మాట. చూపు ఆనని మనిషి. పెనుకొండకు వెనక్కి వెళ్తుంటే రైలు గేటు దగ్గర జనం గుమిగూడి కనిపించారు. దిగి చూసే ధైర్యం నాకు లేకపోయింది.

అవ్వ హోటల్ బెంచీ మీదే కూర్చుని ఉంది.

"ఈడనే ఉండావా అవ్వా?"

"యాడికి పోవాలప్పా? అందర్నీ అడిగితివి, నన్ను అడగలేదు కదా."

యాడికి పోవాలని ఉందో అప్పుడడిగాను.

"ఇంగ ఇంటికే పోదాం పా" అంది.