విల్లు నేనే ట్యూన్ చేసుకున్న వారం

పోయిన వారం నేను వెలగబెట్టిన నిర్వాకం చెప్తాను, మధ్యలో నవ్వకుండా వినండి. శుభ్రంగా పనిచేస్తున్న విల్లుని కూర్చుని మరీ నా చేతుల్తో నేనే చెడగొట్టుకున్నాను. విల్లంటే పిల్లలు ఆడుకునేది కాదు. జింకల వేటకి వాడే కాంపౌండ్ బో. రెండు చివర్లా చక్రాలు, వాటి మధ్య అటూ ఇటూ తాళ్ళు, చూస్తేనే భయమేసే వస్తువు.

మా ఆఫీసు టీమ్‌లో మైక్ అని ఉన్నాడు. చిన్నప్పట్నించీ వేటాడుతున్నవాడు. కెనడాలో మేముండే మిల్టన్‌కి కాస్త దూరంలో వాళ్ళ మామగారికి పొలం, దాని వెనక అడవి ఉన్నాయి. నేను వేట కోర్సు చేసి, లైసెన్స్ తెచ్చుకుని, ఏడాదిగా వెంటపడుతుంటే చివరికి శనివారం రమ్మన్నాడు. ఒకటే కండిషన్ పెట్టాడు.

"నీ విల్లు కరెక్ట్‌గా ట్యూన్ అయి ఉండాలి. బాణం వంకరగా పోతే జింక చావదు, గాయంతో పారిపోతుంది. అలాంటిది ఒకసారి చూశాను, మళ్ళీ చూడలేను. కాగితం టెస్ట్ క్లీన్‌గా వస్తేనే రా. డౌటుంటే విల్లులు బాగుచేసే షాపుకి తీసుకెళ్ళు."

కాగితం టెస్టంటే పెద్ద విద్యేం కాదు. ఫ్రేమ్‌కి కాగితం బిగించి దగ్గర్నించి బాణం వేస్తారు. గుండ్రంగా చిల్లు పడితే బాణం తిన్నగా వెళ్తున్నట్టు, పక్కకి చిరిగితే తోక ఊపుకుంటూ వెళ్తున్నట్టు. షాపెందుకు, నేనే చేసుకుంటానన్నాను. డేటాబేస్‌లు ట్యూన్ చేసి బతికేవాణ్ణి, ఒక విల్లుని ట్యూన్ చేసుకోలేనా అని ధీమా. ఆదివారం గరాజ్ తలుపు దించి బాణం వేస్తే, ఇండియన్ గ్రోసరీ ఫ్లయర్ మీద బెండకాయల బొమ్మ మధ్యలో గుండ్రటి చిల్లు పడింది. ఫోటో తీసి మైక్‌కి పంపాను. అక్కడితో నోరూ చేతులూ కట్టుకుని కూర్చుంటే బాగుండేది.

మర్నాడు మా ఇంట్లో ఆయుధ పూజ. మా అత్తయ్యగారు కాకినాడ నుంచి వచ్చి ఉన్నారు. కారుకి, లాప్‌టాప్‌కి, మిక్సీకి గంధం, కుంకుమ పెట్టుకుంటూ నా విల్లు దగ్గరికొచ్చారు. ఇంట్లో నిజంగా ఆయుధమన్నది అదొక్కటే కాబట్టి ఆవిడకి మహా సంతోషంగా ఉంది. నేనేమో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మీటింగ్‌లో ఉన్నాను.

"అల్లుడుగారూ, బాణాలకి బొట్టెక్కడ పెట్టమంటారు?"

మ్యూట్ నొక్కి, "వెనకాల పెట్టండి అత్తయ్యగారూ, ముందు గుచ్చుకుంటుంది" అన్నాను. ఆవిడ వేలికి ఏమన్నా అవుతుందేమోనని నా బాధ.

సాయంత్రం ఉత్సాహం ఆగక ఇంకో బాణం వేశాను. కాగితం అడ్డంగా బెత్తెడు చిరిగింది. ఇంకోటి వేస్తే అదీ అంతే. నిన్న బంగారంలా ఉన్న విల్లుకి రాత్రికి రాత్రి ఏమొచ్చింది?

ఇక చూస్కోండి. యూట్యూబ్‌లో ఒకాయన, బాణం ఆనించే రెస్ట్ కుడికి జరపమన్నాడు. జరిపితే చిరుగు పెరిగింది. ఇంకొకాయన ఎడమకన్నాడు. అలాగూ పెరిగింది. మూడో ఆయన విల్లుకున్న బోల్టులు వదులు చేసి చూడమన్నాడు. నాలుగో ఆయన, తెలియకుండా బోల్టుల జోలికెళ్తే విల్లు మొహమ్మీదే పేలుతుందన్నాడు. నేను నాలుగో వీడియో బోల్టులు తిప్పాక చూశాను. అప్పట్నించి తాడు లాగితే చాలు, పై చక్రం దగ్గర కిర్రుమని కొత్త చప్పుడు మొదలైంది.

మా ఆవిడ స్వప్న గరాజ్ గుమ్మంలో నిలబడి చూసింది. "కుళాయి కారితే ప్లంబర్‌ని పిలిచావు. పేలిపోయే వస్తువుకి మాత్రం యూట్యూబా?"

నేను ఇంకో బోల్టు తిప్పాను.

నిజం చెప్తున్నా, ఆ రెండు మూడు రోజులు నాకు అన్నం సహించలేదు. టొరంటో ఆఫీసుకెళ్ళే ట్రైన్‌లో కూర్చుంటే కిటికీ బయట ప్రతి పొలంలోనూ నా బాణం తగిలిన జింక కుంటుకుంటూ పోతున్నట్టే ఉండేది. ఆఫీసులో మైక్ "రెడీనా?" అంటే "రెడీ" అనేవాణ్ణి. ఉన్న మాట చెప్తే శనివారం పోతుంది, చెప్పకపోతే మూగజీవి ఉసురు తగులుతుంది. ఎటూ పాలుపోలేదు.

బుధవారం సాయంత్రం అత్తయ్యగారు బాణాలు పట్టుకుని మెల్లగా గరాజ్‌లోకి వచ్చారు.

"అల్లుడుగారూ, వీటి తోక చివర గాడిలో గంధం ఎండి రాయిలా అయింది. పిన్నీసుతో గీకెయ్యనా?"

ఆ గాడిలోనే విల్లు తాడు ఇరుక్కోవాలి. వదలగానే ఠక్కున విడిపోవాలి. గంధం గట్టిపడి గాడి బిగిసిపోయేసరికి, అది తాడుని పట్టుకుని వదలక బాణం తోకని పక్కకి లాగేస్తోంది. నేను వెనకాల అంటే తోక మీదెక్కడో చుక్క పెడతారనుకున్నాను. ఆవిడ వెనకాలంటే పూర్తిగా వెనకాలే అనుకున్నారు. విల్లుకి ఏ రోగమూ లేదు. ఆరోగ్యంగా ఉన్నదాన్ని పడుకోబెట్టి రోజుకో ఆపరేషన్ చేశాను.

"ముందే చెప్పకపోయారా అత్తయ్యగారూ?"

"మీరు దాంతో కుస్తీ పడుతున్నారు కదా బాబూ, కదిలించడానికి భయమేసింది."

మర్నాడు షాపుకి బయల్దేరితే ఆవిడ కూడా వస్తానని పట్టుబట్టారు. తప్పు తనది కాబట్టి తనే ఒప్పుకోవాలట. షాపులో అంతా ఆకుల డిజైన్ జాకెట్లేసుకున్న భారీ మనుషులు, వాళ్ళ మధ్య వెంకటగిరి చీర మీద నా పాత వింటర్ కోటుతో మా అత్తయ్యగారు. ఓనర్ పేరు గ్లెన్. విల్లు అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీన్ని ఇలా ఎవరు సెట్ చేశారు?"

"నేనే."

"ఎందుకు?"

అత్తయ్యగారు నా చెయ్యి గోకారు.

"ఏమంటున్నాడు? గంధం పెట్టింది నేనని చెప్పండి. దాచకండి."

పూజ గురించి, గంధం గురించి నాకు తోచినట్టు ఇంగ్లీష్‌లో చెప్పాను. వెనక లైన్లో ఉన్నవాళ్ళు కూడా ముందుకి వంగి విన్నారు.

"వెనకాల పెట్టమంది మీరని కూడా చెప్పండి" అన్నారు ఆవిడ.

అది వదిలేసి, ఎప్పటికి అవుతుందని గ్లెన్‌ని అడిగాను. దాంతో ఆవిడే నా వైపు వేలు చూపించి గ్లెన్‌తో "హీ టెల్. బ్యాక్ సైడ్." అన్నారు.

షాపంతా ఘొల్లుమంది. గ్లెన్ మాత్రం గడ్డంలోనే నవ్వుకుని, సీజన్‌లో మామూలుగా రెండు వారాలు పడుతుందని, ఆవిడ మొహం చూసి మర్నాటికే చేసిస్తానని అన్నాడు. మాటమీద నిలబడ్డాడు కూడా. శుక్రవారం సాయంత్రం గాడి శుభ్రం చేసిన ఒక బాణంతో నా ముందే వేసి చూపిస్తే గుండ్రటి చిల్లు పడింది. నాకు కళ్ళనీళ్ళొచ్చినంత పనైంది. మిగతావి కూడా వేడినీళ్ళతో కడుక్కోమన్నాడు.

ఇంటికొచ్చాక అత్తయ్యగారు నన్ను ఆ బాణాలు ముట్టుకోనివ్వలేదు. "మీరు పడుకోండి, తెల్లారకుండా లేవాలి. అన్నీ నేనే కడుగుతాను." వేటకి బిగించే పదును మొనలు వేరే డబ్బాలో ఉంటాయి కాబట్టి నేనూ సరేనన్నాను. అలారం మోగగానే గుమ్మం పక్కనున్న విల్లు, మొనల డబ్బా, బాణాలు పెట్టుకునే పొడుగు గొట్టం తీసుకుని మైక్ ట్రక్కెక్కాను.

అడవిలో నన్నొక చెట్టు మీది మంచె ఎక్కించి, మైక్ కాస్త దూరంలో ఇంకో చెట్టెక్కాడు. ఇక చప్పుడు చేయకూడదు, కిందికి దిగకూడదు. వెలుగు వస్తుండగా గొట్టం మూత తీశాను. లోపల ఏమీ లేదు. తలకిందులు చేసి దులిపినా ఏమీ రాలేదు. ఫోన్ ఒళ్ళో దాచుకుని స్వప్నకి మెసేజ్ పెట్టాను. కాసేపటికి ఫోటో వచ్చింది. గిన్నెల స్టాండ్‌లో ఇడ్లీ రేకుల పక్కన నా బాణాలన్నీ వరసగా ఆరుతున్నాయి.

చలిలో అలా కూర్చునే ఉన్నాను. ఎండ వచ్చాక ఒక జింక వచ్చింది. నా మంచెకి ఇరవై గజాల్లో అడ్డంగా నిలబడి, తీరిగ్గా మేసి, తలెత్తి నా వైపు ఒకసారి చూసి, తన దారిన వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం మైక్ దిగొచ్చాడు. "అంతా చూశాను. అంత దగ్గర్లో నిలబడితే ఎందుకు వేయలేదు? కొమ్మ అడ్డొచ్చిందా?"

"షాట్... ఎందుకో క్లీన్‌గా అనిపించలేదు" అన్నాను.

మైక్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "మొదటిసారి వచ్చినవాడు ఎవడూ ఇంత నిగ్రహంగా కూర్చోడు. చేతిలో విల్లుంటే బాణం వదలకుండా ఉండలేడు. నీతో ఎన్నిసార్లయినా రావచ్చు."

గొట్టం మూత వేలితో నొక్కి పట్టుకుని, పెద్దమనిషిలా తల ఊపాను.