మా పిల్ల గురించి నన్నే అడిగిన మనిషి

పెళ్లి సంబంధానికి వాకబు కొత్త సంగతి కాదు. మా ఊళ్లో గాజులమ్మే ఆమె ఆ పని చేసేది. తప్పు చెబితే మళ్లీ అదే వీధిలోకి గంపతో రావాలి గనక, ఒళ్లు దగ్గర పెట్టుకుని చెప్పేది. ఆ పనికి ఏజెన్సీలు కూడా ఉంటాయని గల్ఫ్‌లోని ఈ అజైబాకి, కొడుకింటికి వచ్చాకే తెలిసింది.

అప్పుడు మనవరాలికి ఒక సంబంధం నడుస్తోంది. అబ్బాయి ఇక్కడే ఇంజనీరు, తల్లిదండ్రులు విజయవాడలో. అంతకుముందు ఒకచోట తాంబూలాలు పుచ్చుకుని మానుకున్నాం. ఆ సంగతి చెప్పేద్దామని నేనంటే మావాడు వినలేదు.

చల్లటి సాయంత్రాలు ఏసీ ఆపించేసి నేను బిల్డింగు కింద కూర్చుంటాను. ఆ రోజు గోంగూర ఒలుస్తుంటే నలభై ఏళ్ల మనిషొకడు వచ్చి నిలబడ్డాడు.

“పెద్దమ్మా, గీ బిల్డింగుల మూడో ఫ్లోరుల తెలుగోళ్లున్నరట. వాళ్ల పిల్ల ఎసుంటిది?”

మూడో ఫ్లోరులో తెలుగువాళ్లమంటే మేమే. కసిరి పంపేద్దామనుకున్నాను గానీ, ఇతనెవరో తెలుసుకోవాలనిపించింది.

“మంచిదే. కూరలో ఉప్పు మాత్రం ఎక్కువేస్తుంది. నువ్వెవరివి?”

“డిటెక్టివ్‌ను. హైదరాబాద్ ఏజెన్సీ. పిలగాని తరఫోళ్లు పెట్టుకున్నరు.”

“పోలీసువా?”

“కాదు, ప్రైవేటు.”

“మరి ఇలా అడగొచ్చని నీకు కాగితం ఎవరిచ్చారు?”

ఏజెన్సీ కార్డు చూపించాడు.

“ఇది మీవాళ్లు అచ్చేసుకుంది. నేనడిగేది సర్కారుది. ఇక్కడ క్షవరం చేసేవాడికీ పర్మిషన్ కావాలి. నీ బతాకా తియ్యి.”

బతాకా అంటే ఇక్కడ మనందరి దగ్గరా ఉండే గుర్తింపు కార్డు. తియ్యలేదు గానీ నవ్వాడు.

“దాని మీద స్టోర్‌కీపర్ అని ఉంటది పెద్దమ్మా. రుసైల్ల గోదాముల డ్యూటీ. డ్యూటీ అయినంక గీ పని చేస్త.”

“పోనీ, మన దేశంలోనైనా దీనికి లైసెన్సుందా?”

“ఆడ గూడ ఈ పనికని లేదట. చట్టం తెస్తమన్నరు, తేలే. దుకాణం లెక్క రిజిస్టరు చేసుకుంటరు.”

నాకు వింతగా తోచింది. గోడకు సున్నం వేసేవాడిని అడిగే కాగితం, ఒకరి సంసారంలోకి తొంగిచూసేవాడిని ఎవరూ అడగరా?

“నువ్వు చెప్పింది అబద్ధమని తేలితే నిన్నెవరు పట్టుకుంటారు?”

“ఎవరు పట్టుకుంటరు? నా డ్యూటీ కంపెనీకి తెలిస్తే మాత్రం ఇంటికి పంపుతరు,” అని అటూ ఇటూ చూశాడు.

“ఇంతకీ ఏం కనుక్కోమన్నారు?”

“ముందుగాల ఏమన్న సంబంధం తప్పిపోయిందా అని. పక్క బిల్డింగుల ఒకాయన, ఆ పిల్ల ఎవలో పోరనితోని తిరిగిందన్నడు. గదే పంపుత.”

గోంగూర పక్కన పెట్టాను.

“అది అబద్ధం. నేను ఆ పిల్ల నాయనమ్మని.”

“ముందే చెప్పొద్దా పెద్దమ్మా?”

“నువ్వు ముందే అడగొద్దా? వాకబుకి వచ్చినవాడు మొదట కనుక్కోవాల్సింది, ఎదుట కూర్చున్నదెవరని. ఇవాళ ఏమీ పంపకు. ఉన్న సంగతి వాళ్లకి నేనే చెబుతాను.”

“సరే. నా సంగతి మాత్రం ఎవలకు చెప్పకు.” బతిమాలినట్టు అని వెళ్లిపోయాడు.

పైకొచ్చి చెబితే మావాడు మండిపడ్డాడు. “అమ్మా, సంబంధం చెడితే నీదే పూచీ.”

“నాదే. ఆ పక్క బిల్డింగాయన మాట వాళ్లకి చేరితే అప్పుడు పూచీ ఎవరిదిరా?”

మనవరాలి చేత విజయవాడకి ఫోను కలిపించి, తాంబూలాల సంగతి అబ్బాయి తల్లికి చెప్పాను.

“ఎందుకు తప్పిపోయిందండీ?”

“ఉద్యోగం మానాలన్నారు. పిల్ల మాననంది. నా మాట మీదే పోకండి, దాన్నే అడగండి.”

మనవరాలు ఫోను తీసుకుని వంటింట్లోకి పోయింది. మేమిద్దరం తలుపువైపు చూస్తూ కూర్చున్నాం. బయటికొచ్చాక దాని ముఖంలో ఏమీ తెలియలేదు.

“అవునని గానీ కాదని గానీ అనలేదు నాన్నా. శుక్రవారం అబ్బాయే వచ్చి నన్ను అడుగుతాడట.”

“అడగనీ,” అన్నాను. “నువ్వు అడగాల్సినవి కూడా ఆలోచించి పెట్టుకో.”